ధ్యాన మందిరం మీద గుమ్మటం కట్టొచ్చా? అసలు గుమ్మటానికి అర్థం ఏమిటి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గోదావరి పాయ వైనతేయ గట్టున మీ ఊళ్ళో 30 అడుగుల వ్యాసంతో గుండ్రటి ధ్యాన మందిరం కట్టుకుంటున్నారు. పైన గుమ్మటం పెట్టాలని కుర్రాళ్ళ కోరిక. మీ పెదనాన్నగారేమో "గుమ్మటం మన సంప్రదాయం కాదు, బయటి నుంచి వచ్చింది, మామూలు స్లాబు వేసి పైన చిన్న శిఖరం పెట్టండి" అంటున్నారు. మేస్త్రిగారు "గుమ్మటమంటే పగుళ్ళు, కారుడు, మనకెందుకు ఆ టెన్షన్" అంటున్నారు. గుమ్మటం ఎక్కడ పుట్టింది, దాని అర్థం ఏమిటి, మన ఒండ్రు నేల మీద అది నిలుస్తుందా అని మీరు అడిగారు.

నేను ముప్పై ఏళ్ళకు పైగా రెండు గోదావరి జిల్లాల్లో మంచినీళ్ళ ట్యాంకులు కట్టించే పనిలో ఉన్న ఇంజనీరుని. ఎక్కడైనా పెద్ద ఓవర్‌హెడ్ ట్యాంకు కింద నిలబడి తలెత్తి చూడండి. నీళ్ళు మోసే అడుగు పైకి ఉబ్బిన గుమ్మటం. దాని చుట్టూ గరాటులా విచ్చుకున్న ఏటవాలు గోడ. పైన మూత ఇంకో గుమ్మటం. జర్మన్ ఇంజనీరు ఓటో ఇంట్జె 19వ శతాబ్దంలో ఈ ఆకారం తెచ్చాడు, మేం ఇప్పటికీ ఇంట్జె ట్యాంకు అనే అంటాం. అంటే ఊళ్ళో అందరూ రోజూ తాగే నీళ్ళను మోస్తున్నది గుమ్మటమే. అందుకే ఈ విషయం నాకు చాలా ఇష్టమైనది, కాస్త పొడుగ్గానే చెబుతాను.

ముందు పెదనాన్నగారి మాట. అందులో నిజం ఉంది. "గుమ్మటం" అనే మాట ఫారసీ "గుంబద్" నుంచి వచ్చింది. "కమాను" కూడా ఆ భాషదే, విల్లు అని అర్థం. రాళ్ళనో ఇటుకలనో ఒకదానికొకటి ఆనించి, ఆ నొక్కుడు మీదే నిలబెట్టే గుమ్మటాలు మన దేశంలో విస్తారంగా రావడం ఢిల్లీ సుల్తానుల కాలంలో మొదలైంది. ఢిల్లీలో కుతుబ్ మీనార్ పక్కన 1311 నాటి అలాయ్ దర్వాజా ఆ మొదటివాటిలో ఒకటి. ఇరాన్, మధ్య ఆసియా పనివాళ్ళ పద్ధతిని ఇక్కడి శిల్పులు నేర్చుకుని తమదిగా చేసుకున్నారు. ఆ విద్య బయటి నుంచి వచ్చిందని ఒప్పుకోవడంలో మనకి తక్కువేమీ లేదు.

కానీ ఆ ఆకారం, ఆ ఆకారం వెనకున్న ఆలోచన మాత్రం మన నేల మీద అంతకంటే చాలా పాతవి. ఇందుకు మీరు ఢిల్లీ వెళ్ళక్కర్లేదు. ఏలూరు జిల్లా కామవరపుకోట దగ్గర గుంటుపల్లి కొండకి వెళ్ళండి. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దం నాటిదిగా చెప్పే ఒక చిన్న చైత్యం, అంటే బౌద్ధుల ప్రార్థనా మందిరం, అక్కడ ఉంది. కొండలోకి తొలిచిన గుండ్రటి గది, మధ్యలో స్తూపం. ఇప్పుడు దాన్ని ధర్మలింగేశ్వరుడని కొలుస్తారు. నాకు మాత్రం లోపలికి వెళ్ళగానే చూపు పైకప్పు మీదికే పోయింది. రాయి గుమ్మటంలా ఒంగి ఉంటుంది. ఆ ఒంపు మీద అంచు నుంచి నడినెత్తి దాకా వాసాలు చెక్కి ఉంటాయి. కర్రతో కప్పిన గుండ్రటి ఇంట్లో పైకి చూస్తే ఎలా కనబడుతుందో అచ్చం అలాగే.

ఆ వాసాలు ఏ బరువూ మొయ్యవు, బరువంతా కొండే మోస్తోంది. అయినా శిల్పి వాటిని ఓపిగ్గా చెక్కాడు. ఎందుకంటే అతనికి పవిత్రమైన గది అంటే తను చూసి పెరిగిన గుండ్రటి గడ్డి ఇల్లే. మన కోస్తాలో మొన్నమొన్నటి వరకు ఉన్న చుట్టిళ్ళు మీరు చూసే ఉంటారు. గుండ్రటి మట్టిగోడ, పైన తాటాకో గడ్డో, నేలకి దగ్గరగా దిగిన చూరు. మూలలు లేని గోడని గాలి చుట్టి పోతుంది, గట్టిగా పట్టుకోలేదు. తుఫాన్లు తెలిసిన జనం కట్టుకున్న ఇల్లు అది. బీహారులో బరాబర్ కొండల్లోని సుదామ గుహలో కూడా మౌర్యుల కాలం పనివాళ్ళు గుండ్రటి గుడిసె ఆకారాన్నే రాతిలో తొలిచారు. ఇంగ్లీషువాళ్ళ "డోమ్" అనే మాటకి మూలం కూడా లాటిన్‌లో "డోముస్", అంటే ఇల్లు. ఆ సంగతి మొదటిసారి తెలిసినప్పుడు నాకు గుంటుపల్లి గదే గుర్తొచ్చింది.

ఇక స్తూపం. సాంచీ స్తూపాన్ని అశోకుడు ఇటుకలతో కట్టించాడు, తర్వాతి తరాలు దాని మీద రాతి పొర వేసి పెద్దది చేశాయి. దాని వ్యాసం దాదాపు 36 మీటర్లు. ఆ అర్ధగోళాన్ని "అండం" అంటారు, గుడ్డు. స్తూపానికి "ధాతుగర్భం" అని ఇంకో పేరు. ధాతువులను, అంటే అస్థికల్లాంటి అవశేషాలను, గర్భంలో దాచుకున్నది అని అర్థం. మీకు దగ్గర్లోనే మామిడికుదురు మండలం ఆదుర్రులో అలాంటి స్తూపం అడుగు భాగం మిగిలి ఉంది. దాన్ని పైనుంచి చూస్తే బండి చక్రంలా ఉంటుంది. మధ్యలో కుంభం, బయట వలయం, రెండింటినీ కలుపుతూ ఇటుక గోడలు చక్రపు ఆకుల్లాగా. ఆ ఆకుల మధ్య మట్టి నింపేవాళ్ళు. చక్రం బౌద్ధులకి ధర్మచక్రం, నిజమే. ఇంజనీరుగా నాకు అందులో ఇంకోటి కూడా కనబడుతుంది. మొత్తం ఇటుకతో నింపితే ఎంత ఖర్చు, మెత్తటి డెల్టా నేల మీద ఎంత బరువు! మట్టిని గదులుగా విడగొట్టి, పక్కలకి జారిపోకుండా వలయంతో పట్టి ఉంచారు. ఈ వలయాన్ని గుర్తుపెట్టుకోండి, చివరిదాకా దీని చుట్టూనే తిరుగుతాం.

స్తూపానికీ గుమ్మటానికీ ఒక పెద్ద తేడా ఉంది. స్తూపం లోపల ఖాళీ లేదు. జనం బయట నడుస్తారు, ప్రదక్షిణం చేస్తారు. గుమ్మటం కింద జనం లోపల నిలబడతారు. మొదటిదాంట్లో పవిత్రమైనది మధ్యలో ఉంటుంది, మనం దాని చుట్టూ తిరుగుతాం. రెండోదాంట్లో ఆ మధ్యలో మనమే ఉంటాం. మీరు కట్టేది ధ్యాన మందిరం గనుక మీ కమిటీ ఈ తేడా మీద కాసేపు కూర్చుని మాట్లాడుకుంటే బాగుంటుంది.

రెండింటినీ కలిపిన కట్టడం ఒకటుంది. ముంబై దగ్గర గోరాయ్‌లో 2009లో ప్రారంభమైన గ్లోబల్ విపస్సన పగోడా. బయటి నుంచి చూస్తే బర్మా పద్ధతి స్తూపం, లోపల స్తంభం ఒక్కటీ లేని ధ్యాన మందిరం. రాళ్ళు ఒకదానిలో ఒకటి ఇరుక్కునేలా చెక్కి కట్టారు. దాదాపు 8,000 మంది ఒకేసారి కూర్చోవచ్చు. పెదనాన్నగారికి ఆ ఫొటో చూపించండి.

మన గుళ్ళ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే "గోపురం", "శిఖరం", "గుమ్మటం" అనే మాటల్ని పేపర్లవాళ్ళు కూడా కలిపేస్తున్నారు. గోపురం అంటే ద్వారం మీది కట్టడం. గర్భగుడి మీద ఉండేది విమానం. విమానాన్ని అధిష్ఠానం, పాదం, ప్రస్తరం, గ్రీవం, శిఖరం, స్తూపి అని ఆరు భాగాలుగా చెబుతారు. గ్రీవం అంటే మెడ. దాని మీద గుండ్రంగానో ఎనిమిది పలకలుగానో ఉబ్బి కనిపించేదే శిఖరం, పైనున్న కలశం స్తూపి. బయటికి అది గుమ్మటంలాగే ఉంటుంది. కట్టే పద్ధతి మాత్రం వేరు. ఒక వరస రాయి మీద ఇంకో వరసను కొంచెం లోపలికి జరిపి, మళ్ళీ దాని మీద ఇంకొంచెం జరిపి, చివరికి మూసేస్తారు. ప్రతి రాయీ పడుకునే ఉంటుంది, పక్క రాయిని తోయదు. గ్రీసులో మైసినేలో మూడు వేల ఏళ్ళ కిందటి సమాధి ఒకటి ఇదే పద్ధతిలో 14 మీటర్ల పైచిలుకు వెడల్పున కప్పారు. పద్ధతి భద్రమైనది. కానీ వెడల్పు పెంచాలంటే ఎత్తు, బరువు విపరీతంగా పెరుగుతాయి. గర్భగుడి చిన్నది, చీకటిగా ఉండాలి, అందులో నిలబడేది అర్చకుడు. మనవాళ్ళకి అది చాలింది. వందల మందిని ఒకే కప్పు కింద కూర్చోబెట్టాలంటే చాలదు.

అక్కడే అసలైన గుమ్మటం వస్తుంది. ఇది అర్థం కావడానికి మన కోనసీమ వస్తువు కొబ్బరి చిప్ప చాలు. చిప్పని బోర్లించి దాని మీద నిలబడండి, ఏమీ కాదు. ఇప్పుడు పాత కుండ అడుగు భాగాన్ని అలాగే బోర్లించి బరువు పెట్టండి. పగులుతుంది, అదీ ఎక్కువగా అంచు నుంచి పైకి. రెండూ ఒకే ఆకారం. బరువు పడినప్పుడు రెండింటికీ అంచు బయటికి విచ్చుకోవాలని చూస్తుంది. చిప్పలో నార ఉంది, ఆ లాగుడుని అది పట్టుకుంటుంది. కుండ పెంకు నొక్కితే తట్టుకుంటుంది, లాగితే తట్టుకోలేదు. ఇటుకా, రాయీ, ఇనుము లేని కాంక్రీటూ కుండ పెంకు జాతివే.

లెక్క ప్రకారం, ఒకే మందం ఉన్న అర్ధగోళం తన బరువు తను మోస్తున్నప్పుడు నడినెత్తి నుంచి దాదాపు 52 డిగ్రీలు దిగేవరకు చుట్టూ ఉన్న ప్రతి వరసా నొక్కుడులోనే ఉంటుంది. అక్కడి నుంచి కిందికి ప్రతి వరసా లాగుడులోకి మారుతుంది. ప్రపంచంలో పెద్ద గుమ్మటాలు కట్టినవాళ్ళందరూ ఈ కింది భాగంతోనే కుస్తీ పట్టారు. ఒక్కొక్కరు ఒక్కో దారి వెతికారు.

రోమన్లు బరువుతో గెలిచారు. రోములో పాంథియన్ అనే గుడి హేడ్రియన్ చక్రవర్తి కాలంలో, దాదాపు క్రీ.శ. 126 నాటికి పూర్తయింది. వ్యాసం 43.3 మీటర్లు. ఇనుము లేని కాంక్రీటు గుమ్మటాల్లో ఇప్పటికీ అదే పెద్దది. అడుగున 6 మీటర్లకు పైగా మందం, పైకి వెళ్ళేసరికి 1.2 మీటర్లు. కింద బరువైన రాళ్ళ ముక్కలు, పైన తేలికైన అగ్నిపర్వతపు నురగరాయి కలిపారు. అంచు విచ్చుకోకుండా చుట్టూ అంత మందం తొక్కి పట్టి ఉంచింది. నడినెత్తిన గుండ్రటి రంధ్రం ఉంది, మూత లేదు. ఎండ అందులోంచి దిగి పొద్దుతో పాటు గోడ మీద నడుస్తుంది. వాన కూడా లోపలే పడుతుంది, నీళ్ళు పోవడానికి నేలలో రంధ్రాలు పెట్టారు. అది కట్టిన దాదాపు వందేళ్ళకే కాసియస్ డియో అనే చరిత్రకారుడు ఆ కప్పు ఆకాశంలా ఉందని రాశాడు. గుమ్మటానికి "ఆకాశం" అనే అర్థం అంత పాతది.

ఇస్తాంబుల్‌లో చర్చిగా కట్టిన హేగియా సోఫియాది ధైర్యం. 532లో మొదలుపెట్టి 537కే ముగించారు. చదరపు మందిరం మీద 31 మీటర్ల గుండ్రటి గుమ్మటం. చదరం మీద వలయం పెడితే నాలుగు మూలలూ ఖాళీగా మిగులుతాయి కదా. ఆ మూలల్లో పెద్ద గోళంలోంచి కోసిన ముక్కల్లాంటి మూడు కోణాల ఒంపు గోడలు లేపి, బరువుని నాలుగు స్తంభాల మీదికి దించారు. గుమ్మటం అడుగు వలయంలో 40 కిటికీలు పెట్టారు. వెలుతురు ఆ వలయాన్ని కరిగించేస్తుంది, కప్పు గాలిలో తేలుతున్నట్టు ఉంటుంది. స్వర్గం నుంచి బంగారు గొలుసుతో వేలాడదీసినట్టుందని అప్పటి రచయిత ప్రొకోపియస్ అన్నాడు. కానీ ఆ మొదటి గుమ్మటం మరీ చదునుగా కట్టారు. చదునుగా ఉంటే బయటికి తోపు ఎక్కువ. భూకంపాలకి గోడలు విచ్చుకుని 558లో కూలింది. మళ్ళీ దాదాపు 6 మీటర్లు ఎత్తు పెంచి 562లో పూర్తిచేశారు, ఇప్పుడున్నది చాలావరకు అదే.

ఇరానువాళ్ళు అదే మూలల చిక్కుని మూలకొక చిన్న కమాను అడ్డంగా కట్టి, నాలుగు పలకల్ని ఎనిమిది చేసి తీర్చారు. ఆ దారిలో వచ్చిన విద్యే మన దక్కనులో శిఖరానికి చేరింది. బీజాపూర్ గోల్ గుంబజ్ మీరు చూడకపోతే తప్పకుండా చూడాలి. ఆదిల్‌షాహీ సుల్తాను మహమ్మద్ సమాధి అది, 1656లో పూర్తయింది. గుమ్మటం బయటి వ్యాసం 44 మీటర్లు. కింద ఒకదాన్నొకటి కోసుకుంటూ వెళ్ళే ఎనిమిది కమానులు ఉంటాయి. రెండు చదరాలను ఒకదాని మీద ఒకటి తిప్పి పెడితే వచ్చే నక్షత్రం ఆకారం. గుమ్మటం తోపుని ఆ కమానుల మధ్య ఉన్న కట్టడపు బరువే లోపలికి లాగి పట్టుకుంటుంది. నేను ఇంజనీరుగా చేరిన కొత్తల్లో అక్కడికి వెళ్ళాను. పైన వసారాలో అందరూ చప్పట్లు కొట్టి ప్రతిధ్వని లెక్కపెడుతుంటే నేను కమానుల మూలలు చూస్తూ మధ్యాహ్నం భోజనం సంగతే మర్చిపోయాను. గోల్కొండ కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాలు కూడా అందమైనవే. అడుగున తామర రేకులు విచ్చుకున్నట్టు చెక్కుతారు, ఆ రేకులు మాత్రం ఈ నేలవే.

పెద్ద సమాధులకు గుమ్మటం పెట్టినప్పుడు అర్థం కొంచెం మారింది. లోపల ప్రశాంతమైన ఆకాశం, బయట దూరానికి కనిపించే గుర్తు, రెండూ కావాలి. లోపలికి సరిపోయే ఎత్తు బయటికి పొట్టిగా కనబడుతుంది. అందుకే హుమాయూన్ సమాధిలో, తర్వాత తాజ్‌మహల్‌లో, రెండు పెంకులు కట్టారు. లోపలిది ఒకటి, బయటిది ఇంకొకటి, మధ్యలో ఖాళీ. ఇటలీలో ఫ్లోరెన్స్ చర్చి గుమ్మటాన్ని బ్రునెల్లెస్కి అనే ఆయన కూడా 1420 నుంచి 1436 వరకు రెండు పెంకులతోనే కట్టాడు, అదీ కింద సెంట్రింగ్, అంటే ఆనించి పట్టే కర్రల చట్రం, లేకుండా. తర్వాతి కాలంలో గుమ్మటం అధికారానికి కూడా గుర్తయింది. రాష్ట్రపతి భవన్ గుమ్మటం అడుగున చుట్టూ సాంచీ కంచె నమూనా చూడండి, స్తూపం అక్కడిదాకా నడిచి వెళ్ళింది.

ఇప్పుడు మీ మేస్త్రిగారి భయం. అది అనుభవంలోంచి వచ్చిన భయం, తీసిపారేయకండి. చాలా ఏళ్ళ కిందట డెల్టాలోనే ఒక ఊరి ప్రార్థనా మందిరం గుమ్మటం పగిలిందని నన్ను పిలిచారు. ఇటుక గుమ్మటం, కట్టి రెండేళ్ళే అయింది. లోపల నిలబడి చూస్తే అంచు నుంచి పైకి సమాన దూరంలో పగుళ్ళు, సగం ఎత్తు దాకా. తొక్క తీసిన పంపరపనసలో తొనలు ఎలా విడివిడిగా కనబడతాయో అలా. పైభాగం మాత్రం చెక్కు చెదరలేదు. కట్టినవాళ్ళు ఇటుకలు మంచివే వాడారు, సిమెంటులో కక్కుర్తి పడలేదు. అంచు చుట్టూ వలయం మాత్రం లేదు. అక్కడి పెద్దాయన ఒకాయన కళ్ళలో నీళ్ళు పెట్టుకుని "చందాలు పోగుచేసి కట్టుకున్నాం బాబూ, కూల్చేయమంటారా" అని అడిగారు. ఆ మాట నాకు ఇప్పటికీ వినబడుతుంది.

కూల్చలేదు. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా ఎలా తొడుగుతారో మీకు తెలుసు. కాల్చి తొడిగి నీళ్ళు పోస్తే అది ముడుచుకుని చక్రాన్ని బిగించేస్తుంది. మేం కాల్చలేదు గానీ అంచు చుట్టూ ఇనుప పట్టీలు వేసి, బోల్టులతో బిగించి, పైన కాంక్రీటు కప్పాం. తర్వాత పగుళ్ళు పూడ్చాం. రోములో సెయింట్ పీటర్స్ చర్చి గుమ్మటానికి కూడా ఇదే జరిగింది. 18వ శతాబ్దంలో దానికి నిలువు పగుళ్ళు వస్తే జొవాని పొలేని అనే ఆయన పరిశీలించాడు. గొలుసుని రెండు కొసలు పట్టుకుని వేలాడదీస్తే వచ్చే ఒంపుని తలకిందులు చేస్తే అదే నొక్కుడులో నిలబడే కమాను ఒంపు అని ఇంగ్లండు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ 1675లోనే చెప్పాడు. పొలేని ఆ సూత్రంతోనే ఒక్కో తొన బరువుకి తగ్గట్టు గొలుసుకి బరువులు కట్టి చూసి, గుమ్మటం నిలుస్తుందని తేల్చాడు. అయినా జాగ్రత్తగా చుట్టూ ఐదు ఇనుప వలయాలు వేయించారు.

మీ మందిరానికి వద్దాం. ఇటుక గుమ్మటం వద్దు, ఆర్‌సీసీ, అంటే ఇనుప రాడ్లు పెట్టిన కాంక్రీటు, వెయ్యండి. 30 అడుగుల వ్యాసానికి 4 అడుగుల ఎత్తున్న చదునైన గుమ్మటం, 100 మిల్లీమీటర్ల మందం అనుకుందాం. కాంక్రీటు, ప్లాస్టరింగు, పైకెక్కే మనుషుల బరువు అన్నీ కలిపి చదరపు మీటరుకి 400 కిలోలు వేసుకుంటే, అంచు చుట్టూ వలయంలా వేసే రింగ్ బీమ్‌లో వచ్చే లాగుడు దాదాపు 8 టన్నులు. అంత చదును గుమ్మటంలో పెంకు అంతా నొక్కుడులోనే ఉంటుంది, లాగుడు మొత్తం ఆ ఒక్క రింగ్ బీమ్ మీదికే వస్తుంది. ఆ బీమ్‌లో రాడ్ల జాయింట్లన్నీ ఒకే చోట పడ్డాయో, అక్కడే తెగుతుంది. ఒక్కో రాడ్డు జాయింటు ఒక్కో చోట ఉండాలి. ఈ అంకెలు మీకు విషయం తెలియడానికి చెప్పాను. డ్రాయింగు మాత్రం స్ట్రక్చరల్ ఇంజనీరు చేత చేయించండి, మందిరాల కమిటీలు ఎక్కువగా పొదుపు చేసేది ఆ ఫీజు దగ్గరే.

4 అడుగులు అని ఊరికే అనలేదు. ధ్యాన మందిరంలో శబ్దం ముఖ్యం. గుమ్మటం అద్దంలాగా శబ్దాన్ని తిప్పి తన గోళం కేంద్రం దగ్గర పోగు చేస్తుంది. రింగ్ బీమ్ నేల నుంచి 16 అడుగుల ఎత్తులో ఉందనుకోండి. గుమ్మటం ఎత్తు 6 అడుగులు పెడితే దాని గోళం వ్యాసార్ధం 21.75 అడుగులు వస్తుంది. నడినెత్తి 22 అడుగుల ఎత్తులో ఉంటుంది కాబట్టి కేంద్రం సరిగ్గా నేల దగ్గరికి, కూర్చున్నవాళ్ళ మధ్యకి వచ్చి పడుతుంది. గది మధ్యలో కూర్చున్నాయన దగ్గితే ఆ చప్పుడు తిరిగి ఆయన చెవిలోనే మోగుతుంది. అదే 4 అడుగులైతే వ్యాసార్ధం 30 అడుగులు, కేంద్రం నేలకి 10 అడుగుల కిందికి పోతుంది. పూర్తి అర్ధగోళం కట్టినా మంచిదే. కేంద్రం 16 అడుగుల ఎత్తులో, తలల పైనే ఉండిపోతుంది. కాకపోతే సెంట్రింగ్ ఖర్చు బాగా పెరుగుతుంది, పెంకు కింది భాగంలో చుట్టూ రాడ్లు ఎక్కువ పడతాయి. భజనకి మైకు పెట్టే ఆలోచన ఉంటే గోడలకి గరుకు ప్లాస్టరింగు చేయించండి, చాపలు, తివాచీలు పరవండి.

మన నేల సంగతి. డెల్టా బంకమట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంగుతుంది. గుమ్మటం అంతా ఒకేలా కుంగితే ఓర్చుకుంటుంది, ఒక పక్క మాత్రమే కుంగితే ఓర్చుకోదు. గట్టు పక్కన స్థలం అంటున్నారు, సగం పాత చెరువు పూడ్చిన నేల, సగం గట్టి నేల అయ్యే ప్రమాదం ఉంది. మట్టి పరీక్ష రెండు మూడు చోట్ల చేయించండి. స్తంభాలన్నిటి కింద పైల్స్, అంటే నేలలోకి లోతుగా దించే కాంక్రీటు స్తంభాలు, వేసి, పైన వాటిని పునాది మట్టంలో గుండ్రటి ప్లింత్ బీమ్‌తో కట్టేయండి. పైన ఒక వలయం, కింద ఒక వలయం. సముద్రపు ఉప్పు గాలి మీ దాకా వస్తుంది కాబట్టి రాడ్ల మీద కాంక్రీటు కవరు తగ్గనివ్వకండి.

సెంట్రింగ్‌కి సరుగుడు బాదులు దగ్గర దగ్గరగా వేయించండి. కాంక్రీటు అంచు నుంచి మొదలుపెట్టి, చుట్టూ సమానంగా వలయాలుగా పైకి పోసుకుంటూ వెళ్ళాలి. ఒక పక్క పూర్తిచేసి ఇంకో పక్కకి వెళ్ళకూడదు. తీసేటప్పుడు దానికి ఉల్టా. మధ్యలో బాదులు ముందు వదులు చేసి, చుట్టూ సమానంగా అంచు వైపు రావాలి. మేస్త్రిగారు చెప్పిన కారుడు ఎక్కువగా గుమ్మటం నుంచి రాదు, గుమ్మటం అంచుకీ పిట్టగోడకీ మధ్య నిలిచే నీళ్ళ నుంచి వస్తుంది. అక్కడ పిట్టగోడ కట్టకండి, నీళ్ళు నేరుగా చూరులోంచి జారిపోనివ్వండి. నడినెత్తిన వెలుతురు కోసం 3 అడుగుల రంధ్రం వదిలితే చాలా బాగుంటుంది. దాని చుట్టూ చిన్న రింగ్ బీమ్ వేసి, పైన అద్దం మూత పెట్టించండి, పాంథియన్‌లా తెరిచి వదిలేస్తే మన వానలకి కుదరదు.

పెదనాన్నగారు అడిగిన శిఖరం కూడా ఆ అద్దం మూత మీదే పెట్టొచ్చు. చిన్న మెడ, దాని మీద కలశం. గ్రీవం, స్తూపి రెండూ వచ్చేస్తాయి. ఆయన్ని ఒక ఉదయం ఆదుర్రు తీసుకెళ్ళి ఆ ఇటుక చక్రం చుట్టూ ఒకసారి నడిపించండి, వీలైతే గుంటుపల్లి కూడా. మట్టి పరీక్ష రిపోర్టు వచ్చాక ఇక్కడ పెట్టండి, చూస్తాను. రింగ్ బీమ్ ఇనుము కట్టే రోజు ముందుగా చెబితే కాంక్రీటు పోసేలోపు వచ్చి ఆ రాడ్ల జాయింట్లు నా కళ్ళతో చూసి వెళ్తాను.